బిగిసిన ఒంటికి మెత్తటి చెయ్యి: మర్దనలో పనిచేసేదేమిటి, ప్రచారమేమిటి

క్లుప్తంగా

నెమ్మదిగా, తగినంత ఒత్తిడితో చేసే మర్దన వల్ల ఒంటి నొప్పి, మనసులోని ఆందోళన కొంతసేపు తగ్గుతాయి. చర్మంలోని నరాలు, మెదడు, గుండె లయ కలిసి చేసే పని అది. 'కండరాల్లో పేరుకుపోయిన బాధను బయటికి తీస్తాం', 'విషాలను కరిగిస్తాం' అనే మాటలకు మాత్రం ఆధారం లేదు. ఉపశమనం కొన్ని గంటలో కొన్ని రోజులో నిలుస్తుంది. బిగువుకు మూలమైన పని తీరు, నిద్రలేమి, రంది అలాగే ఉంటే నొప్పి తిరిగొస్తుంది. మెడ విరవడం, వాచిన కాలిని పిసకడం ప్రాణం మీదికి తేవచ్చు.

తికమక ఎక్కడ

హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్ లాంటి పట్టణాల్లో ఒంటి నొప్పులకు దొరికే సేవల పేర్లు ఈ మధ్య చాలా మారాయి. ఒకప్పుడు మాలిష్, కాపడం, కట్టు అనే మూడు మాటలతో పని గడిచేది. ఇప్పుడు ఫిజియోథెరపీ క్లినిక్‌లో మయోఫేషియల్ రిలీజ్ అంటారు, పంచకర్మ కేంద్రంలో అభ్యంగనం అంటారు, స్పాలో డీప్ టిష్యూ అంటారు. ఫోన్ తెరిస్తే క్రేనియోసేక్రల్, రేకి, ట్రామా రిలీజ్ ప్రకటనలు. ఫోన్‌లో కనిపించే ఈ చివరి మూడూ మిగతావాటికి భిన్నం. నొక్కీ నొక్కనట్టు చేతులు ఆనించి ఉంచడమే వాటి పద్ధతి. మనసులోని భారం ఒంట్లో పేరుకుపోయిందని, దాన్ని చేత్తో విడుదల చేస్తామని వాటి వాదన.

వెళ్ళొచ్చినవాళ్ళు 'పాణం నిమ్మలమైంది' అంటారు. డాక్టర్‌ను అడిగితే ఆధారం లేదంటారు. వినేవాళ్ళకు ఎవరిని నమ్మాలో తెలియదు. నిజానికి రెండు మాటలూ ఏకకాలంలో సరైనవే కావచ్చు. కలిగిన హాయి నిజం, దానికి చెప్పిన కారణం తప్పు కావడం వైద్యంలో కొత్తేమీ కాదు. హాయిగా ఉంటే చాలదా, కారణంతో పనేమిటి అనిపించవచ్చు. చాలదు. ఎన్నిసార్లు వెళ్ళాలి, ఎంత ఖర్చు పెట్టాలి, ఏ మందు ఆపకూడదు, ఎవరు అసలు బల్ల ఎక్కకూడదు అన్నవన్నీ ఆ కారణం మీదే ఆధారపడి ఉంటాయి.

పెయి బిగుసుకునే దారి

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్ పల్లెల్లో బీడీలు చేసే మహిళ కూర్చునే తీరును కాసేపు గమనిస్తే విషయం సగం అర్థమవుతుంది. ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు. ఆకును కత్తెరతో కత్తిరించడం, తంబాకు పరవడం, వేళ్ళతో చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం. ఎత్తాల్సిన బరువంటూ ఏదీ లేదు. కానీ తల పొద్దంతా కిందికి వంగే ఉంటుంది. మోచేతులకు కింద ఆసరా ఉండదు. భుజాలు తెలియకుండానే చెవుల వైపు కొద్దిగా లేచి ఉంటాయి. కూలి వెయ్యి బీడీల లెక్కన కాబట్టి చెయ్యి ఆగితే సంపాదన ఆగినట్టే.

కండరంలోని పోగులన్నీ ఒకేసారి పనిలోకి దిగవు. తేలిక పనికి ముందు సన్నవి దిగుతాయి, బరువు పెరిగేకొద్దీ లావువి వచ్చి చేరతాయి. పని ముగిసేటప్పుడు ఆఖరున వదులయ్యేవీ ఆ సన్నవే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో బస్తా ఎత్తి దించే హమాలీకి బస్తాకూ బస్తాకూ మధ్య కండరం మొత్తానికీ కాస్త విడుపు దొరుకుతుంది. చాట ముందు కూర్చున్న మహిళకు ఆ విడుపు లేదు. ఆమె వాడే బలం చాలా తక్కువ, కానీ ఆ తక్కువ బలాన్ని మోసే పోగులు మాత్రం పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా పనిలోనే ఉండిపోతాయి. బరువు పని కాకపోయినా మెడ, భుజాలు ఎందుకంత నొస్తాయో చెప్పడానికి 1990ల మొదట్లో స్వీడన్‌లో ముందుకొచ్చిన వివరణ ఇది. కుట్టుమిషను మీద కూర్చునేవారికీ, వరంగల్ కొత్తవాడలో దుర్రీలు నేసేవారికీ, కంప్యూటర్ ముందు పనిచేసే గుమస్తాకూ ఇదే వర్తిస్తుంది.

మనసు ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. చేతులు ఒడిలో పెట్టుకొని ఊరికే కూర్చున్న మనిషికి కష్టమైన నోటిలెక్కలు ఇచ్చి, మెడ నుంచి భుజం దాకా పరుచుకున్న కండరంలో విద్యుత్ చలనాన్ని కొలిచిన ప్రయోగాలున్నాయి. చెయ్యి కదలకపోయినా ఆ కండరం బిగుస్తుంది. అంటే పనికి లేచే పోగులే రందికీ లేస్తాయి. అప్పు వడ్డీ, తడిసిన పత్తి, గల్ఫ్ నుంచి వారం రోజులుగా రాని ఫోను, ఇవన్నీ పని ఆపాక కూడా భుజాలను దిగనివ్వవు. దీర్ఘకాల ఆందోళన రుగ్మతను గుర్తించడానికి మానసిక వైద్యులు చూసే లక్షణాల్లో కండరాల బిగువు ఒకటి. రాత్రి పళ్ళు కొరకడం, పొద్దున లేవగానే దవడ నొప్పి, కణతల దగ్గర మొదలై తలంతా పట్టేసినట్టుండే నొప్పి కూడా చాలామందిలో ఈ కోవలోవే.

ఆ తర్వాత ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. నొప్పి నిద్రను చెడగొడుతుంది. నిద్ర చాలని మెదడుకు మర్నాడు అదే నొప్పి ఇంకా పెద్దదిగా తెలుస్తుంది. నొప్పి ఎక్కువైతే పని తగ్గుతుంది, పని తగ్గితే రంది పెరుగుతుంది. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర నిలబడి షిఫ్టు చేసేవారు, సింగరేణి గనుల్లో యంత్రాల కుదుపు మధ్య పనిచేసేవారు, నాట్ల కాలంలో నడుము వంచితే గట్టు దాకా ఎత్తని కూలీలు, వీళ్ళలో ఎవరిని తీసుకున్నా 'ఒంటి నొప్పి ఇది, మనసు నొప్పి అది' అని గీత గీయడం కష్టం.

చెయ్యి పడ్డాక నరాల్లో జరిగేది

దెబ్బ తగలగానే అక్కడ చేత్తో రుద్దుకోవడం ఎవరూ నేర్పని పని. అది ఎందుకు పనిచేస్తుందో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ఒక సిద్ధాంతంగా చెప్పారు. స్పర్శను మోసే లావు నరపోగులు, నొప్పిని మోసే సన్న నరపోగులు వెన్నుపాములో ఒకే చోటికి చేరతాయి. స్పర్శ సంకేతాలు జోరుగా వస్తుంటే నొప్పి సంకేతాలకు పైకి పోయే దారి ఇరుకవుతుంది. ఆ తర్వాతి పరిశోధనలు ఈ సిద్ధాంతంలో చాలా మార్పులు చేశాయి గానీ, మెదడుకు చేరకముందే నొప్పి తగ్గగలదన్న మూలసూత్రం నిలిచింది. మర్దన జరుగుతున్నంతసేపూ నొప్పి తగ్గి, ఆపిన కాసేపటికి మళ్ళీ మొదలవడానికి కారణం చాలావరకు ఇదే.

రెండో దారి ఇంకా ఆసక్తికరమైనది. వెంట్రుకలుండే చర్మంలో, అంటే ముంజేయి, వీపు, ముఖం లాంటి చోట్ల, నెమ్మదైన నిమురుడుకు మాత్రమే బాగా స్పందించే సన్న నరపోగులున్నాయి. మామూలు స్పర్శను మోసే నరాల్లో సంకేతం సెకనుకు పదుల మీటర్ల వేగంతో పోతుంటే, వీటిలో సుమారు ఒక మీటరు వేగంతో మాత్రమే నడుస్తుంది. ఎక్కడ ముట్టుకున్నారో చెప్పడం వీటి పని కాదు. ముట్టుకున్నది హాయిగా ఉందా లేదా అన్న కబురును ఇవి మెదడులో ఒంటి లోపలి స్థితిని గమనించే భాగానికి చేరవేస్తాయి. చర్మం మీద చెయ్యి సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో కదిలినప్పుడు, ఆ చెయ్యి ఒంటి వెచ్చదనంతోనే ఉన్నప్పుడు ఇవి అన్నిటికంటే ఎక్కువ స్పందిస్తాయి. ఏడుస్తున్న బిడ్డ వీపు మీద తల్లి చెయ్యి సహజంగా కదిలే వేగం కూడా దాదాపు ఇంతే.

ఇక ఒత్తిడి సంగతి. మరీ తేలికగా వేళ్ళు ఆడిస్తే చక్కిలిగింత పుట్టి ఒళ్ళు అప్రమత్తమవుతుంది. చర్మం కాస్త లోపలికి కదిలేలా, నొప్పి పుట్టకుండా అదిమితే గుండె వేగం తగ్గుతుంది, ఊపిరి నిదానిస్తుంది. మయామీ విశ్వవిద్యాలయంలో టిఫనీ ఫీల్డ్ బృందం చేసిన ప్రయోగాల్లో మధ్యస్థ ఒత్తిడితో చేసిన మర్దన విశ్రాంతి నాడి అయిన వేగస్ పనిని పెంచింది, తేలిక స్పర్శ పెంచలేదు. కాబట్టి మెత్తదనం అంటే ఆనీ ఆననట్టు ఉండటమని అనుకోనక్కర్లేదు. ఎదుటి మనిషి ఊపిరి బిగబట్టకుండా భరించగలిగినంత ఒత్తిడి అన్నది దానికి సరైన కొలత. 'గట్టిగా పిసికితేనే పని చేస్తది' అన్న నమ్మకం ఇక్కడే దెబ్బ తింటుంది. నొప్పి పుడితే కండరం తనను తాను కాపాడుకోవడానికి ఇంకా బిగుస్తుంది.

గడ్డలు విరగవు, విషాలు కారవు

మర్దన చేసేవాళ్ళు చెప్పే కారణాల్లో ఎక్కువగా వినిపించేది, కండరాల మీది పొరలు అతుక్కుపోయాయని, వాటిని చేత్తో విడదీస్తామని. తొడ పక్కన, అరికాలిలో ఉండే గట్టి పొరలు ఒక్క శాతం అణగాలన్నా మనిషి చేయి ఇవ్వగలిగే బలం చాలదని 2008లో వెలువడిన ఒక గణిత నమూనా అధ్యయనం లెక్కగట్టింది. వేళ్ళ కింద గడ్డ 'కరిగినట్టు' అనిపించేది నరాలు కండరానికిచ్చే ఆదేశం మారడం వల్ల. అందుకే అది నిమిషాల్లో జరుగుతుంది, గంటల్లో తిరిగి రావచ్చు కూడా. పేరుకున్న లాక్టిక్ ఆమ్లాన్ని బయటికి పంపుతామన్న మాటా అంతే. పని ఆపాక అది గంటా రెండు గంటల్లో దానంతటదే పోతుంది.

ఒత్తిడి హార్మోను కార్టిసాల్ గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. మర్దనతో అది మూడో వంతు దాకా పడిపోతుందని ఒకప్పుడు విస్తృతంగా రాశారు. క్రిస్టఫర్ మోయర్, సహచరులు 2004లో 37 అధ్యయనాలను కలిపి చూస్తే, ఒక్కసారి మర్దనతో అప్పటికప్పుడు ఆందోళన, రక్తపోటు, గుండె వేగం తగ్గాయి గానీ కార్టిసాల్‌లో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. పలుమార్లు చేయించుకున్నవారిలో దీర్ఘకాల ఆందోళన, కుంగుబాటు లక్షణాలు గణనీయంగా తగ్గాయి. ఫలితం ఉంది, ప్రచారంలో చెప్పిన దారిన మాత్రం రాలేదు.

కన్నీళ్ళు ఎక్కడివి

మర్దన బల్ల మీద ఉన్నట్టుండి ఏడుపు ముంచుకురావడం అరుదేమీ కాదు. మెత్తటి పద్ధతుల మీద నమ్మకం పెరగడానికి పెద్ద కారణం ఇదే. వీపు మీద చెయ్యి పెట్టగానే ఏళ్ళనాటి దుఃఖం కదిలిందంటే అది ఆ కండరంలోనే దాక్కుని ఉండాలన్న ఊహ సహజంగానే కలుగుతుంది. ఈ ఊహకు మూలాలు 1930ల యూరప్‌లో ఉన్నాయి. అణచుకున్న భావాలు కండరాల కవచంగా మారతాయని మనోవిశ్లేషకుడు విల్‌హెల్మ్ రైష్ అప్పట్లో వాదించాడు. ఈనాటి చాలా పద్ధతులు ఏదో ఒక రూపంలో ఆయన వాదననే మోస్తున్నాయి.

కండరంలో జ్ఞాపకం ఉండదు. జ్ఞాపకం ఉండేది మెదడులో. అయినా ఆ ఏడుపు మాత్రం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు కూడా. పరుగు మీద ఉన్నంతసేపూ మనిషి ఏడవడు. పెళ్ళి పనులన్నీ ముగిసి బిడ్డను పంపించాకనో, కర్మకాండ అయి చుట్టాలు వెళ్ళిపోయాకనో కుప్పకూలి ఏడ్చేవాళ్ళను ప్రతి ఇంట్లో చూస్తాం. అప్రమత్తంగా ఉంచే వ్యవస్థ సడలి విశ్రాంతి వ్యవస్థ పైచేయి సాధించే ఘడియ అది. మర్దన అలాంటి ఘడియను కావాలని తెస్తుంది. పైగా గంటసేపు ఒంటి మీదే ధ్యాస నిలవడంతో, పనుల రద్దీలో పట్టించుకోని గుండె బరువు, గొంతులో అడ్డం ఆ మనిషికే స్పష్టంగా తెలుస్తాయి.

ఇంకో కారణాన్ని పరిశోధనల్లో కంటే చుట్టూ ఉన్న ఇళ్ళలో వెతకాలి. మన దగ్గర పెద్దవాళ్ళను ప్రేమగా ముట్టుకోవడం తక్కువ. భర్త పోయిన ఆడమనిషిని, పిల్లలు పట్నంలోనో దేశం బయటనో స్థిరపడిన ముసలాయనను, చివరిసారి ఎవరైనా తొందర లేకుండా, ఏమీ ఆశించకుండా తాకి ఎన్నేళ్ళయి ఉంటుంది? అలాంటివారికి చెయ్యి పడగానే కళ్ళు చెమర్చడానికి కండరంలో దాగిన పాతగాయం ఉండాల్సిన పని లేదు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఏడ్చిన మనిషికి ఆ తర్వాత ఏం చెబుతారన్నది దాని మీదే ఉంటుంది. 'చిన్నప్పుడు మీకేదో జరిగింది, అదే బయటికి వస్తోంది' అని చెయ్యి పెట్టినాయన చెబితే, జరగని సంగతి కూడా జరిగినట్టు మనసులో నాటుకుపోవచ్చు. నిజంగానే హింసకు గురైనవారికైతే, తోడు లేకుండా ఆ జ్ఞాపకాన్ని కదిలించడం మేలు కంటే కీడు ఎక్కువ చేస్తుంది. అలాంటి సమయంలో చెయ్యి ఆపి, దుప్పటి కప్పి, కాసేపు కూర్చోనిచ్చి, మానసిక నిపుణుల దగ్గరికి పొమ్మని చెప్పడమే మర్దన చేసేవారి హద్దు.

మంత్రసాని చెయ్యి, వాగ్భటుడి మాట

ఉత్తర తెలంగాణకు ఈ సంగతులేవీ బయటినుంచి రావాల్సిన అవసరం లేదు. బాలింతకు నూనె పట్టించి వేపాకు కాచిన వేడినీళ్ళు పోయడం, పసిబిడ్డకు నూనె రాసి నలుగు పెట్టడం ఇప్పటికీ చాలా ఇళ్ళలో నడుస్తున్నవే. పీట మీద కూర్చొని కాళ్ళు బారచాపిన పెద్దావిడ, ఆమె పిక్కల మీద పాప, పాదాల వైపు తల. ముందు ఛాతీ, చేతులు, పొట్ట, తర్వాత బోర్లా తిప్పి వీపు, పిర్రలు, కాళ్ళు. ఒక చేయి ఎప్పుడూ బిడ్డను వదలదు. నీళ్ళు పోసేటప్పుడు నుదుటి మీద అరచేయి అడ్డం పెట్టి కళ్ళలోకి జారకుండా చూస్తుంది. ఆ పనిలో లయ ఉంటుంది, మాట ఉంటుంది, తొందర ఉండదు.

పసిపిల్లల విషయంలో స్పర్శకు ఉన్న ఆధారాలు పెద్దల విషయంలో కంటే బలమైనవి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి 15 నిమిషాలు చొప్పున పది రోజులు మర్దన చేస్తే, చేయనివారి కంటే రోజువారీ బరువు 47 శాతం ఎక్కువ పెరిగిందని ఫీల్డ్ బృందం 1986లో చూపింది. కొలంబియా రాజధాని బొగోటాలో 1970ల చివర మొదలైన కంగారూ సంరక్షణ, అంటే బిడ్డను తల్లి ఛాతీకి చర్మం తగిలేలా కట్టి ఉంచడం, ఇంకా ముందుకు పోయింది. భారత్ సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, పుట్టిన వెంటనే ఇలా ఉంచిన తక్కువ బరువు పిల్లల్లో మొదటి 28 రోజుల మరణాలు 25 శాతం తగ్గాయి.

అయితే ఆ పాత ఆచారంలోనే విడిచిపెట్టాల్సినవీ ఉన్నాయి. ముక్కులో నూనె చుక్కలు వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తేవచ్చు, చెవుల్లో వేయడమూ మంచిది కాదు. గుండ్రంగా రావాలని తల ఒత్తడం, సూటిగా రావాలని ముక్కు లాగడం వల్ల ఒరిగేదేమీ లేదు. సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఆయుర్వేదం రోజూ అభ్యంగనం చేసుకోమంటుంది. తల, చెవులు, పాదాల మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టమని ప్రాచీన వైద్యుడు వాగ్భటుడి గ్రంథం అష్టాంగ హృదయం చెబుతుంది. అజీర్ణంతో ఉన్నవారు, కఫం ఎక్కువైనవారు, ఒంటిని శుద్ధి చేసే శోధన చికిత్స అప్పుడే చేయించుకున్నవారు నూనె పట్టించుకోకూడదనీ అదే చోట హెచ్చరిస్తుంది. అందరికీ, అన్నిటికీ మర్దన అని చెప్పే నేటి ప్రకటనల కంటే ఆ పాతమాట జాగ్రత్తగా ఉంది.

పేరును బట్టి ఫలితం మారుతుందా

వెల్లకిలా పడుకోబెట్టి ఐదు గ్రాముల బరువుకు మించని ఒత్తిడితో తల చుట్టూ చేతులు ఉంచడం క్రేనియోసేక్రల్ పద్ధతి. ఎముకలను, కండరాలను చేత్తో సరిచేసే ఆస్టియోపతీ పద్ధతికి చెందిన అమెరికన్ వైద్యుడు సదర్లాండ్ ఆలోచనల నుంచి 1970లలో జాన్ అప్లెడ్జర్ దీన్ని రూపొందించాడు. పుర్రె ఎముకలకు, మెదడు చుట్టూ ఉన్న ద్రవానికి ఒక లయ ఉందని, దాన్ని వేళ్ళతో పట్టి సరిచేయవచ్చని దీని వాదన. ఒకే మనిషి తలను ఇద్దరు నిపుణులు విడివిడిగా పట్టి చూసి చెప్పిన లయలు పొంతన కుదరలేదని పరీక్షల్లో తేలింది. 1922లో జపాన్‌లో మికావో ఉసుయి మొదలుపెట్టిన రేకిలోనూ, చెయ్యి ఆనించకుండానే 'శక్తి క్షేత్రాన్ని' సవరిస్తామనే ఇతర పద్ధతుల్లోనూ చిక్కు ఇలాంటిదే. అమెరికాలో ఒక తొమ్మిదేళ్ళ బాలిక బడి ప్రాజెక్టుగా చేసిన పరీక్ష 1998లో అక్కడి ప్రముఖ వైద్య పత్రికలో అచ్చయింది. అట్టతెర అవతల తమ ఏ చేతి దగ్గర ఆమె చెయ్యి ఉందో చెప్పమంటే, అలాంటి 21 మంది చికిత్సకులు సరిగ్గా చెప్పింది 44 శాతం సార్లే. నాణెం ఎగరేసినా సగం సార్లు సరిపోతుంది.

చెయ్యి నిజంగా ఒంటిని తాకే మర్దన విషయంలో పరిస్థితి ఇంతకంటే మెరుగు. నడుము నొప్పికి మర్దన మీద 25 ప్రయోగాలను పరిశీలించిన కోక్రేన్ (వైద్య ఆధారాలను కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష 2015లో, కొద్దికాలం పాటు మేలు కనిపిస్తోందని, ఆధారాల నాణ్యత మాత్రం చాలా తక్కువని తేల్చింది. దీర్ఘకాల నడుము నొప్పికి 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో మర్దనకు చోటు దక్కింది, కానీ వ్యాయామం, రోగికి అవగాహన కల్పించడం, మానసిక చికిత్సల పక్కన. 2024లో 137 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ అన్నిటికంటే పనికొచ్చే సంగతులు చెప్పింది. పెద్దవాళ్ళలో స్పర్శ వల్ల నొప్పి, ఆందోళన, కుంగుబాటు తగ్గాయి. ముట్టుకున్నది అయినవాళ్ళా, వైద్య సిబ్బందా అన్నది పెద్దగా తేడా చూపలేదు. పసిపిల్లలకు మాత్రం తల్లిదండ్రుల చెయ్యే ఎక్కువ మేలు చేసింది. యంత్రాలు, బరువు దుప్పట్ల వంటి వస్తువుల వల్ల ఒంటికి కలిగిన మేలు దాదాపు సమానమే, మనసుకు కలిగిన మేలు తక్కువ. ఎక్కువసార్లు తాకినకొద్దీ ఫలితం పెరిగింది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పద్ధతి పేరుకు ఉన్న విలువ తక్కువని తోస్తుంది. మనిషి చెయ్యి, నిదానం, నమ్మకం, మళ్ళీ మళ్ళీ దొరకడం, ఈ నాలుగూ ఉన్న చోట పని జరుగుతోంది.

చెయ్యి పెట్టకూడని చోట్లు

క్షౌరశాలలో తల మాలిష్ చివర మెడను ఒక్కసారి పక్కకు విరిచి చప్పుడు చేయించడం మామూలైపోయింది. మెడ ఎముకల గుండా మెదడుకు వెళ్ళే రక్తనాళం లోపలిపొర ఆ విరుపులో చిరగవచ్చు. చిరిగిన చోట రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం. 2024లో కర్ణాటకలోని బళ్ళారిలో ఒక యువకుడికి ఇలాగే జరిగినట్టు వార్తలొచ్చాయి. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు బ్యూటీ పార్లర్‌లో తల కడిగించుకుంటూ మెడ వెనక్కి వాల్చినప్పుడు స్ట్రోక్ లక్షణాలు మొదలయ్యాయి. ఈ ప్రమాదాన్ని వైద్య పత్రికలు 1993లోనే నమోదు చేశాయి. తల మర్దన వరకు హాయిగా చేయించుకోవచ్చు, మెడ విరుపు మాత్రం వద్దని కుర్చీలో కూర్చోగానే చెప్పాలి.

ఒక్క కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని పిసకకూడదు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. కాన్పు అయినవారు, పెద్ద ఆపరేషన్ తర్వాత మంచం పట్టినవారు, గల్ఫ్ నుంచి గంటల తరబడి విమానంలో కూర్చొని వచ్చినవారు దీన్ని మరింత గుర్తుంచుకోవాలి. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవారికి వేడినూనె కాల్చినా తెలియదు. ఎముకలు గుల్లబారిన వృద్ధులకు బలమైన ఒత్తిడి పక్కటెముక విరగ్గొట్టగలదు. ఎడమ భుజం, దవడ, ఛాతీ మధ్య నొప్పితో చెమటలు పడుతుంటే అది 'నరం పట్టడం' అనుకొని రుద్దుతూ కూర్చున్న ప్రతి నిమిషమూ గుండెకు నష్టమే. నడుము నొప్పితో పాటు మూత్రం మీద పట్టు తప్పినా, కాళ్ళలో బలం తగ్గినా, తొడల లోపలివైపు స్పర్శ పోయినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. జ్వరం, కారణం తెలియని బరువు తగ్గుదల, రాత్రి పడుకుంటే పెరిగే నొప్పి ఉన్నప్పుడు కూడా ముందు వైద్య పరీక్ష, తర్వాతే మర్దన.

ఎవరి చేతికి ఒళ్ళు అప్పగించాలి

ఫిజియోథెరపిస్టులు 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం కిందికి వస్తారు. ఆయుర్వేద వైద్యులకు తమ డిగ్రీ, రిజిస్ట్రేషన్ ఉంటాయి. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఒకటి వరంగల్‌లోనే ఉంది. మర్దనను ఒక వృత్తిగా గుర్తించి లైసెన్సు ఇచ్చే వ్యవస్థ మాత్రం మన దేశంలో లేదు. గోడ మీది సర్టిఫికెట్ వారాంతపు తరగతిదా, ఏడాది శిక్షణదా అన్నది అడిగితే గానీ తెలియదు. ఈ లోటుకు రెండు పర్యవసానాలున్నాయి. నిజంగా పని తెలిసిన చేతికి గుర్తింపు లేదు. మసాజ్ సెంటర్ అనే మాటకు పడిన చెడ్డపేరు వల్ల, ముఖ్యంగా మహిళలు, అవసరమున్నా గడప తొక్కరు.

కాబట్టి భారమంతా వెళ్ళేవారి మీదే పడుతోంది. చెయ్యి పెట్టకముందు బీపీ, షుగర్, కాన్పు, ఆపరేషన్, వాడే మందుల గురించి అడిగారా? ఎక్కడెక్కడ ముట్టుకుంటారో ముందే చెప్పారా? ఆపమంటే ఆపుతారా? మహిళలకు మహిళే చేస్తారా, వెంట వచ్చినవారిని గదిలో ఉండనిస్తారా? వీటికి నీళ్ళు నమిలే చోటు నుంచి లేచి వచ్చేయడమే మంచిది. మందులు మానేయమన్నా, పది ఇరవై సిట్టింగుల డబ్బు ముందే కట్టమన్నా అంతే. మూడు నాలుగు సార్లకు నిద్రలో గానీ, చేసే పనిలో గానీ మార్పు రాకపోతే ఇంకో పది సార్లకు వస్తుందనుకోవడానికి కారణం లేదు.

ఖర్చు లేని చెయ్యి ఇంట్లోనే ఉంది. గోరువెచ్చని నువ్వుల నూనె కొద్దిగా, అరచేయి మొత్తం ఆనేలా, మోచేయి నుంచి మణికట్టు దాకా ఒకసారి జారడానికి ఏడెనిమిది సెకన్లు పట్టేంత నిదానంగా. మెడ ఎముకను వదిలేసి భుజం మీది కండ, వీపు, పాదాలు. ఇరవై నిమిషాలు చాలు. టీవీ ఆపేసి, 'నొస్తుందా' అని అడుగుతూ చేస్తే మేలు. అత్తకు కోడలు కాళ్ళొత్తడం మన ఇళ్ళలో ఉన్నదే. కోడలి భుజాలు ఎవరు పడతారన్నది మాత్రం అరుదుగా వినపడే ప్రశ్న. ఈ పని మగవాళ్ళూ నేర్చుకుంటే బీడీల చాట, పొయ్యి, పొలం మధ్య తిరిగే మహిళలకు దక్కే విడుపు చిన్నదేమీ కాదు.

మర్దనతో పాటు పని మధ్యలో విరామం కూడా కావాలి. అరగంటకోసారి చాట పక్కన పెట్టి, లేచి, భుజాలు వెనక్కి తిప్పి, నాలుగడుగులు వేస్తే అలసిన సన్నపోగులకు వదులయ్యే వీలు చిక్కుతుంది. వెయ్యి లెక్కన కూలి ఇచ్చే పనిలో ఈ రెండు నిమిషాలకూ ధర ఉంది, దాన్ని ఇప్పుడు కూలీయే భరిస్తోంది. ఇక రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా, బతకాలనిపించకపోయినా మర్దన కోసం చూడకుండా సాయం అడగాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరు మీద రాత్రింబవళ్ళు, తెలుగులోనే, ఉచితంగా పలుకుతుంది.